సందేహించువాని ధర్మము

మూడు నిమిషముల ఆట. ఇద్దరు ఆటగాండ్రు వేర్వేరు దేశములలో, వేర్వేరు గదులలో కూర్చుండి, ఒకరి ముఖమొకరు చూడక, తమ తమ తెరలపై అరువదినాలుగు గడులను మాత్రమే చూచుచు చదరంగమాడుచున్నారు. ఆట నడిమికి వచ్చినది. తెల్లపావులవాడు తన ఏనుగుతో ఎదుటి ఏనుగును కొట్టినాడు. నల్లపావులవాడు దానిని తిరిగి కొట్టవలెను. కొట్టుటకొక్కటే త్రోవ యున్నది. ఆట నేర్చి నెల తిరుగని పిల్లవాడైనను ఆ త్రోవను రెప్పపాటులో చూడగలడు. అయినను ఎత్తు రాలేదు. ఎదుటి గడియారములో సెకనులు తరుగుచున్నవి: మూడు, ఆరు, తొమ్మిది. తరువాత పావు ఒక్క ఉదుటున కదలినది. మరు ఎత్తు నిజముగా చిక్కైనది, గొప్ప ఆటగాండ్రు సైతము అరనిమిషము తలపట్టుకొని కూర్చుండదగినది. దానికి మాత్రము రెండు సెకనులైనను పట్టలేదు, వచ్చిన ఎత్తు అత్యుత్తమమైనది. తెల్లపావులవాని మనస్సు ఇక బల్లమీద లేదు. ఆ తొమ్మిది సెకనులలో ఆవలి గదిలో ఏమి జరిగినది? నెట్ తెగి మరల అతుకుకొన్నదా, లేక ఆ మనుష్యుడు ప్రక్కనున్న ఫోనులో యంత్రమునడిగి వచ్చినాడా?

ఈ ప్రశ్న ఆటకు మాత్రమే సంబంధించిన చిన్న చికాకని కొందరు తలంపవచ్చును. నాకట్లు తోచదు. మనకు కనబడని మనుష్యుని సంకల్పమును గూర్చి మనమేమి తెలిసికొనగలము, తెలిసికొనలేనప్పుడు వాని యెడల ఎట్లు మెలగవలెను అను విచారము మతములన్నింటిలోను, దర్శనములన్నింటిలోను ఏదో యొక రూపమున ఉన్నదే. ఈ యుగములో అది మూడు నిమిషముల ఆటలో, దినమునకు లెక్కలేనన్ని మారులు, సామాన్యుల యెదుటకు వచ్చి నిలుచుచున్నది. వెనుకటి కాలమున చదరంగములో మోసము చేయవలెనన్నను తనకంటె బలవంతుడైన మరొక ఆటగాడు తోడు కావలసియుండెను. నేడు స్టాక్‌ఫిష్ వంటి చదరంగపు ఇంజిన్లు ప్రపంచవిజేతలకందని బలము కలిగి, ఎవరికైనను ఉచితముగా, జేబులోని ఫోనులో లభించుచున్నవి. ప్రలోభము ఇట్లు అందరికి అందుబాటులోనున్నప్పుడు శంక కూడ అందరిపైన వాలును. దోషి పైనను, నిర్దోషి పైనను అది ఒకే బరువుతో వాలును.

మన నైయాయికులు సంశయమును చిన్నచూపు చూడలేదు. గౌతముని పదునారు పదార్థములలో ప్రమాణ ప్రమేయముల వెనువెంటనే మూడవదిగా నిలచినది సంశయమే. సంశయము లేనిచో విచారణకు ప్రవృత్తియే లేదని వారి యభిప్రాయము. తెలుగువాడైన అన్నంభట్టు, ఎన్నో తరముల విద్యార్థులు తర్కమునకు తొలిమెట్టుగా వల్లించిన తన తర్కసంగ్రహమున, ఒకే వస్తువునందు పరస్పర విరుద్ధములైన ధర్మములను తగిలించి చూచు జ్ఞానము సంశయమని చెప్పి, స్థాణువా పురుషుడా యను ప్రాచీనోదాహరణమునే తీసికొన్నాడు. మసక వెలుతురులో దూరమున నిటారుగా నిలచినదేదో కనబడుచున్నది. నిటారుదనము మోడునకును ఉన్నది, మనుష్యునకును ఉన్నది. ఉభయసాధారణమైన ఆ ధర్మమొక్కటే గోచరించుటచేత మనస్సు ఊగులాడుచున్నది. మోడైనచో తొర్రలు, వంకరకొమ్మలు కనబడవలెను. మనుష్యుడైనచో కాలుసేతులు కనబడవలెను. అట్టి విశేషము కనబడు వరకు సంశయము తొలగదు, తొలగరాదు. అన్నంభట్టు దీనిని అయథార్థజ్ఞానములలో చేర్చినమాట నిజమే. అయినను అది జ్ఞానమునకు కలిగిన కొరతయే గాని మనుష్యునకు కలిగిన దోషము కాదు. సంశయించువాడు కనబడినంతవరకు సరిగానే చూచుచున్నాడు. విశేషము కనబడకమునుపే ‘అది మనుష్యుడే, అందులోను దొంగయే’ యని కర్ర యెత్తినవాడు వేరొక పని చేయుచున్నాడు. మొదటిది చిత్తావస్థ, రెండవది కర్మ. పాపపుణ్యముల లెక్క రెండవదానికే వర్తించును.

ఆన్‌లైన్ ఆటలో ఆలస్యము ఆ నిటారుదనము వంటిదే. తొమ్మిది సెకనుల ఆలస్యము ల్యాగ్‌కు, అనగా నెట్ మందగించుటకు, లక్షణమే, మోసమునకు లక్షణమే; కాఫీ గ్లాసు అందుకొన్నవానికి, తలుపు తట్టిన చప్పుడునకు తల త్రిప్పినవానికి, ఏడ్చుచున్న బిడ్డను ఒడిలోనికి తీసికొన్న తల్లికి కూడ లక్షణమే. ఇక విశేషములేవి? మోసములను పసికట్టుటలో అనుభవము గలవారు చెప్పు గుర్తొకటి కలదు: ఇంజిన్‌నడిగి ఆడువాడు సులువైన ఎత్తునకును, కఠినమైన ఎత్తునకును ఇంచుమించు సమానమైన కాలము తీసికొనును, ఏలయన వాని కాలము ఆలోచనకు గాక, ఎదుటివాని ఎత్తును మరొక తెరపై వేసి, జవాబు చూచి, తిరిగి వచ్చుటకు వ్యయమగుచున్నది. ల్యాగ్ తీరు వేరు. ఆడినవాని తెరపై ఎత్తు అప్పుడే జరిగిపోయియుండును. ఆ వార్త సర్వరును చేరుటలోనే ఆలస్యము. ఆ ప్రయాణకాలమును కొలిచి, ఒక హద్దు వరకు ఆటగాని గడియారమునకు తిరిగి జమకట్టు ఏర్పాటు కొన్ని వేదికలలో ఉన్నది. అందుచేత ఎదుటి గడియారము తరిగినట్లే తరిగి, ఎత్తు వచ్చిన మరుక్షణమున కొంత పెరుగుట చూడవచ్చును. కనెక్షన్ పూర్తిగా తెగినచో ఆ జమ ఆదుకొనలేదు. గడియారము నడచుచునే యుండును.

ఈ తెలివిడితో మన యుదాహరణమును మరల చూతము. ఆలస్యమైనది సులువైన ఎత్తునకు. ఒకే త్రోవ గల ఎత్తునకు ఇంజిన్‌నడుగవలసిన పనిలేదు. కనుక ఆ తొమ్మిది సెకనులు ల్యాగ్ వైపునకే మొగ్గుచున్నవి. అంతేకాదు: ఆవలివాని తెరపై పావు కదలియే యున్నది గనుక, ఎదుటి జవాబు కొరకు వేచియున్న ఆ కాలమంతయు అతడు రాబోవు చిక్కును ఆలోచించుకొనియుండవచ్చును, కఠినమైన ఎత్తు తడుముకొనక వచ్చుటకు అదియే కారణము కావచ్చును. ఇట్లు చూచినప్పుడు, తెల్లపావులవానికి మోసమునకు సాక్ష్యముగా తోచిన రెండు విషయములును అమాయకత్వమునకే సరిపోవుచున్నవి. అయినను ఇది నిర్దోషిత్వమునకు సిద్ధాంతము కాదు. తెగిన కనెక్షన్‌ను అడ్డము పెట్టుకొని ఇంజిన్‌నడిగినవాడు కూడ అచ్చముగా ఇట్లే ఆడును.

సాధ్యమున్నచోటను లేనిచోటను ఒకే విధముగా సంచరించు హేతువును తార్కికులు సవ్యభిచారమన్నారు. దానిపై నిలిపిన నిర్ణయము ఎంత బిగ్గరగా పలికినను నిర్ణయము కాదు. వారే మరొక మాట చెప్పినారు: పొగయున్నచోట నిప్పుండును గాని, నిప్పున్నచోటనెల్ల పొగ యుండదు; తడికట్టె కలసినప్పుడే పొగ పుట్టును. ఆ తడికట్టెను వారు ఉపాధి యని పిలచినారు. ఇంజిన్ చెప్పిన ఎత్తు గొప్ప ఎత్తగునను మాట నిజము. గొప్ప ఎత్తు ఇంజిన్ చెప్పినదే యనుట దానిని తలక్రిందులు చేయుట. మనుష్యులు కూడ గొప్ప ఎత్తులు వేయుదురు, వేయుదురు గనుకనే ఈ ఆట ఇన్ని శతాబ్దులు బ్రతికినది.

ఇంజిన్ ఎన్నుకొను ఎత్తులతో మనుష్యుని ఎత్తులను పోల్చి, అవి వాని రేటింగునకు తగిన స్థాయిని ఎంత మించినవో కొలుచు గణితపద్ధతిని అమెరికాలోని బఫలో విశ్వవిద్యాలయాచార్యుడు కెన్నెత్ రీగన్ పెంపొందించినాడు. ఆ పద్ధతియందు నాకు గౌరవము కలదు, ఏలయన అది ఒక్క ఎత్తును, ఒక్క ఆలస్యమును పట్టుకొని పలుకదు. పలికినప్పుడును సంభావ్యతను చెప్పునే గాని హృదయములోని సంకల్పమును చూచితినని చెప్పదు. ఓడిన ప్రత్యర్థికి అంత ఓర్పు ఉండదు. పదివేల ఆటలలో ఒక్కదానియందు మాత్రమే సహజముగా సంభవించునంతటి అద్భుతమైన ఆట తనపై ఆడబడినచో, అది మోసమేనని అతడు ఒట్టుపెట్టుకొని చెప్పును. కాని 10 లక్షల ఆటలు నిజాయితీగా జరిగినచో అట్టి అద్భుతములు వాటిలో 100 వరకు ఉండవలెను. ఆ నూరింటిలోను ఓడినవాడొకడుండును. ఆ నూర్గురిలో ప్రతివాడును తనకు జరిగినది అసంభవమనియే నమ్మును. ఎవరి అనుభవము వారికి నిజమే. అందరి అనుభవములను ఒకచోట పెట్టి చూచువాడెవడును ఆ గదిలో లేడు.

బౌద్ధాచార్యుడు ధర్మకీర్తి సంతానాంతరసిద్ధి యను చిన్న గ్రంథమున, నా చిత్తము గాక మరొక చిత్తము లోకములో ఉన్నదని నాకెట్లు తెలియును అను ప్రశ్నను ఎత్తుకొన్నాడు. ఆయన యుక్తి స్థూలముగా ఇది: నాయందు మాటయు, కదలికయు నా సంకల్పము వెనుక కలుగుచున్నవని నాకనుభవము; అట్టి మాట, అట్టి కదలిక నా సంకల్పము లేకయే నాకు గోచరించినప్పుడు, వాటి వెనుక మరొక సంకల్పము, మరొక చిత్తసంతానము ఉండియుండవలెను. క్రియను చూచి చిత్తమును ఊహించుట. మనమందరము దినదినము చేయుచున్నదిదియే. ముఖము, స్వరము, చేతివణకు, నుదుటి చెమట, ఇవన్నియు ఆ ఊహకు తోడ్పడుచుండెను. తెరపై ఆడునప్పుడు ఇవన్నియు తొలగి, పావు కదలికయు, గడియారపు అంకెలును మాత్రమే మిగిలినవి. ఆ కదలికకు వెనుక చిత్తమే యుండవలెనను నియమము కూడ సడలిపోయినది, ఏలయన చిత్తము లేని యంత్రము అంతకంటె మేలైన కదలికను పుట్టించగలదు. ధర్మకీర్తి యుక్తి ఇంత నిస్సహాయమైన పరిస్థితి మునుపు లేదనుకొందును.

దీనికి ముందు దీని ప్రతిబింబమువంటి ఘట్టమొకటి జరిగినది. 1997 మే నెలలో న్యూయార్కులో డీప్ బ్లూ యను ఐబీఎం యంత్రముతో ఆడిన నాటి ప్రపంచవిజేత గ్యారీ కాస్పరోవ్, రెండవ ఆటలో అది వేసిన కొన్ని ఎత్తులు యంత్రము వేయదగినవి కావనియు, మనుష్యుడెవడో చేయి పెట్టియుండవలెననియు శంకించి, దాని ఆలోచనల ముద్రిత ప్రతిని చూపుమని అడిగినాడు. యంత్రములో మనుష్యుడు దాగియున్నాడని ఆనాటి శంక. మనుష్యునిలో యంత్రము దాగియున్నదని నేటి శంక. పావుశతాబ్దిలో శంక దిక్కు మార్చుకొన్నది గాని, తెరకు ఆవల ఏమున్నదో ఈవలివానికి తెలియకుండుట మారలేదు.

ఇక ఈ విషయము నన్ను మిక్కిలి కలచినచోటికి వత్తును. 2020, మహమ్మారి దినములు. బల్లకెదురెదురుగా కూర్చుండుట అసాధ్యమైనందున అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే తన ఒలింపియాడ్‌ను మొట్టమొదటిసారి ఆన్‌లైన్‌లో జరిపినది. 160కి పైగా జట్లు పాల్గొన్నవి. భారతజట్టులో విశ్వనాథన్ ఆనంద్, విదిత్ గుజరాతీలతోపాటు మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉండిరి. చిన్నవారి బల్లలపై పదునారేండ్ల నిహాల్ సరీన్, పదునాలుగేండ్ల దివ్యా దేశ్‌ముఖ్ ప్రభృతులుండిరి. ఆగస్టు 28న ఆర్మేనియాతో జరిగిన క్వార్టర్‌ఫైనల్ మొదటి పోటీలో, నిహాల్‌తో ఆడుచున్న హైక్ మార్తిరోస్యాన్ కనెక్షన్ తెగిపోయినది. అతని గడియారము నడచి నడచి సున్నకు చేరినది. ఆ ఆటయు, 3.5–2.5 తో ఆ పోటీయు భారతమునకు దక్కినవి. ఆర్మేనియా అప్పీలు చేసినది, అప్పీలు త్రోసివేయబడినది, వారు రెండవ పోటీ ఆడక వైదొలగినారు. రెండు దినములు గడచినవి. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. మొదటి పోటీ 3–3 గా సమమైనది. రెండవ పోటీలో నిహాల్‌కును, దివ్యకును కనెక్షన్ తెగినది. వారి గడియారములు నడచి నడచి సున్నకు చేరినవి. పోటీ రష్యా గెలిచినది. ఈసారి అప్పీలు చేసినది భారతము. ఆ దినమున సెంచురీలింక్ అను అమెరికన్ సంస్థ వ్యవస్థలో పుట్టిన దోషము క్లౌడ్‌ఫ్లేర్ వంటి సేవలను పెక్కు దేశములలో తడబడజేసినది. అది లోకమంతయు ఎరిగిన వార్త. ఫిడే అధ్యక్షుడు అర్కాదీ ద్వోర్కోవిచ్ ఇరుజట్లను విజేతలుగా ప్రకటించినాడు.

నియమముల దృష్టితో ఈ రెండు నిర్ణయములను సమర్థింపవచ్చును. తన కనెక్షన్‌కు ఆటగాడే బాధ్యుడనునది ఆన్‌లైన్ పోటీలలో సాధారణ నియమము. ప్రపంచవ్యాప్తమైన అంతరాయము ఏ ఆటగాని బాధ్యతయు కాదు. కాని సంకల్పమే కర్మయని బుద్ధుడు బోధించెను గదా, ఆ త్రాసులో పెట్టి చూచినప్పుడు హైక్‌కును నిహాల్‌కును భేదమెక్కడ? ఆ యిద్దరిలో ఎవడును తన కనెక్షన్ తెగవలెనని కోరలేదు. ఎవడును గడియారమును నడపలేదు. తెరముందు నిస్సహాయులై కూర్చుండిన కాలములో ఇద్దరి చిత్తము ఒకే రీతిగా ఉండియుండును. మొదటివానికి కలిగిన నష్టము వానిదే యైనది, రెండవవానికి కలిగిన నష్టము తిరిగి పూరింపబడినది. భేదమంతయు సాక్ష్యములో ఉన్నది. మహావిపత్తునకు లోకమే సాక్షి; ఒక్కని యింటిలో ఒక్క నిమిషము జరిగిన చిన్న విపత్తునకు సాక్షి లేడు.

నన్నయ ఆదిపర్వమున చెప్పిన శకుంతలోపాఖ్యానము నాకిచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. కాళిదాసు నాటకమునకు భిన్నముగా భారతకథలో శాపము లేదు, పోగొట్టుకొన్న ఉంగరము లేదు. దుష్యంతుడు శకుంతలను మరచిపోలేదు. గుర్తించియే, నిండుసభలో, నిన్నెరుగనన్నాడు. ఆకాశవాణి ఆమె మాట సత్యమని పలికిన తరువాతనే స్వీకరించి, తనకు తెలిసినను ఆమె మాట మాత్రము పట్టుకొని స్వీకరించియున్నచో లోకులు శంకింతురని వెరచి అట్లు చేసితినని సభకు చెప్పినాడు. రాజు వాదమును నేను తేలికగా త్రోసివేయను; తనకు తెలిసినది వేరు, పదిమంది యెదుట సిద్ధమైనది వేరు, పరిపాలించువాడు రెండవదానికి కట్టుబడవలెను. పోటీ నిర్వాహకుని ధర్మము కూడ అదియే. 2020 ఆగస్టు 30న భారతజట్టు కొరకు ఆకాశవాణి పలికినది. రెండు దినములకు ముందు ఆర్మేనియా యువకుని కొరకు అది పలుకలేదు. ఆకాశవాణి పలుకని శకుంతలల గతి ఏమి అను ప్రశ్న ఆ కథ చదివినప్పుడెల్ల నా మనస్సులో మెదలుచుండును. అట్టివారే లోకములో ఎక్కువమంది.

ఈ చిన్న విపత్తు ఎవరికి తరచుగా వచ్చునో కూడ ఆలోచింపవలెను. నగరములో ఫైబర్ కనెక్షన్, దానికి తోడు ఇన్వర్టరు ఉన్న ఇంటి పిల్లవాని ఆట తెగదు. కరెంటు పోయి వచ్చుచుండు ఊరిలో, నాన్న ఫోనులో, సిగ్నలు అందుచోటు వెదకుకొని మేడమెట్లపై కూర్చుండి మొబైల్ డేటాతో ఆడుచున్న బాలిక ఆట తెగును. ఆట నడుమ నాన్నకు ఫోను వచ్చినను తెగును. ఆమె మంచి ఎత్తు వేసినప్పుడెల్ల దానికి ముందొక వివరింపరాని విరామముండును. ఆ బాలిక నిజముగా ప్రతిభావంతురాలైనచో, ఆమె ప్రతిభ ఎంత హెచ్చినదో ఆమెపై శంకకు అంత హేతువు ఏర్పడును. బీదవాని విరామము దొంగతనమువలె కనబడుటయు, కలిగినవాని దొంగతనము నిరాటంకముగా సాగుటయు ఏ కాలమునందైనను అన్యాయమే.

ఇంత చెప్పినంత మాత్రమున మోసము లేదనిగాని, శంకలన్నియు అపవాదములేననిగాని నా తాత్పర్యము కాదు. మోసమున్నది, వేదికలు నిత్యము ఖాతాలను మూసివేయుచునే యున్నవి, మోసగానికి ఓడినవాడు పోగొట్టుకొన్నది కేవలమొక పాయింటు కాదు, తన ఆటపై తనకున్న నమ్మకము. సభాపర్వమున జూదమునకు ముందు ధర్మరాజు, కపటముతో గెలుచుట పాపమని శకునిని హెచ్చరించినప్పుడు, శకుని ఇచ్చిన జవాబు మిక్కిలి చతురమైనది: తెలిసినవాడు తెలియనివానిని జయించుట అన్ని విద్యలలోను ఉన్నదే, దానిని లోకులు కపటమనరు గదా యని. కౌశలమునకును కపటమునకును నడుమనున్న గీతను చెరిపివేయుటయే మోసగాని మొదటి ఎత్తు. నేడు ఇంజిన్‌తో ఆడువాడు కూడ తన మనస్సునకు ఇట్టి సమాధానమే చెప్పుకొనును: అందరును చేయుచున్నారు, నేను కొంచెమే చూచినాను, ఆ ఎత్తు నాకును తట్టియుండెడిదే. వానికి చెప్పవలసినది శకుంతల దుష్యంతునకు చెప్పియే యున్నది. ఎవరును చూడలేదనుకొనుచున్నావు గాని, హృదయములోనున్నవాడు చూచుచున్నాడని ఆమె వాదము. ఆన్‌లైన్ ఆటలో కెమెరాలు, లెక్కలు, నిఘాలు ఎన్ని చేర్చినను చిట్టచివరి సాక్షి ఆ లోపలివాడే. ఆ సాక్షి మోసగానిని శిక్షింపగలడు, కాని నిర్దోషి పక్షమున బయటికి వచ్చి పలుకలేడు. అంతర్యామి యందు విశ్వాసముగలవారికి కూడ ఈ విషయము మింగుడుపడదు, పడకూడదు.

శంకింపబడుట ఎంతటి బాధయో ఎరిగినవాడు కూడ శంకించుటలో జాగ్రత్తపడునని చెప్పలేము. 2006లో ఎలిస్తా నగరమున ప్రపంచవిజేతృత్వపు పోటీ జరుగుచుండగా, వ్లాదిమిర్ క్రామ్నిక్ మాటిమాటికి స్నానాలయమునకు పోవుచున్నాడని ప్రత్యర్థి తొపలోవ్ పక్షము ఫిర్యాదు చేసినది. అవమానమునకు నిరసనగా క్రామ్నిక్ ఐదవ ఆట ఆడక దానిని కోల్పోయినాడు, తుదకు పోటీ గెలిచినాడు. ఆయనయే ఇటీవలి సంవత్సరములలో ఆన్‌లైన్ ఆటగాండ్రు పలువురి ఆటలపై బహిరంగముగా సందేహములను వెలిబుచ్చినాడు. వారిలో అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ డేనియల్ నరోడిట్స్‌కీ ఒకడు. నరోడిట్స్‌కీ ఆ సందేహములను ఖండించినాడు. అవి తనను ఎంత వెన్నాడుచున్నవో చెప్పుకొన్నాడు. 2025 అక్టోబరులో, ఇరువదితొమ్మిదేండ్ల వయసున, అతడు మరణించినాడు. ఆ మరణమునకు కారణము చెప్పుటకు నేనెవడను? అట్లు ఊహించుట ఇంతవరకు నేను తప్పని చెప్పుచున్న పనినే చేయుట. కాని బ్రతికియున్నన్నాళ్లు ఆ శంక అతనికి భారమైనదను మాట అతని నోటినుండి వచ్చినదే, దానికి ఊహ అక్కరలేదు. సందేహమును తన మనస్సులోనుంచుకొన్నవాడు దానిని తాను మోయును. నిర్ణయము కాకమునుపే వీథిలో పెట్టినవాడు ఎదుటివాని తలకెత్తును.

శ్రద్ధ యను మాటను మనము దేవునికి, గురువునకు, శాస్త్రమునకు సంబంధించినదిగానే తలంచుట కలదు. కనబడని సాటిమనుష్యుని యెడల శ్రద్ధ యుండవచ్చునా, యుక్తి దానిని సమర్థింపనప్పుడు కూడ? ఉండవచ్చుననియే నా నమ్మకము; ఏలయన అది ‘ఇతడు మోసము చేయలేదు’ అను సిద్ధాంతము కాదు. ఆ సిద్ధాంతమునకు నా యొద్ద ప్రమాణము లేదు. తెలియనితనము వలన కలుగు నష్టమును, తీర్పరి తీర్పు వచ్చు వరకు, ఎదుటివానిపై మోపక నేను భరింతునను ప్రవర్తనయే ఆ శ్రద్ధ. నాకు నిజముగా శంక కలిగినచో, దానిని విచారించుటకు అధికారము, సాధనములు గలవారికి తెలిపి, ఫలితము వచ్చు వరకు నోరు కట్టుకొనుట ఈ శ్రద్ధకు విరుద్ధము కాదు, దానిలోని భాగమే.

ఇది పుస్తకములలోని ఆదర్శము మాత్రమే కాదనుటకు నార్వే ఆటగాడు మాగ్నస్ కార్ల్‌సన్ జీవితములోనే నిదర్శనమున్నది; ఎంత కఠినమో చెప్పు నిదర్శనము కూడ అచ్చటనే యున్నది. 2022 సెప్టెంబరులో సెయింట్ లూయీలో, సింక్‌ఫీల్డ్ కప్‌లో, హాన్స్ నీమన్ చేతిలో ఓడిన మరునాడు అతడు పోటీనుండి వైదొలగి లోకమునంతటిని శంకలో ముంచినాడు. నీమన్ తాను బాల్యములో ఆన్‌లైన్‌లో మోసము చేసినట్లు ఒప్పుకొన్నాడు, ఎదురుబల్ల ఆటలో ఎన్నడును చేయలేదన్నాడు. అతడు నూరుకు పైగా ఆన్‌లైన్ ఆటలలో మోసము చేసియుండవచ్చునని చెస్‌డాట్‌కామ్ అను ఆటవేదిక 72 పుటల నివేదికలో వ్రాసినది, ఎదురుబల్ల ఆటపై మాత్రము నిశ్చయమైన సాక్ష్యము చూపలేదు. వ్యవహారము న్యాయస్థానమునకెక్కి 2023లో రాజీతో ముగిసినది. ఆ కార్ల్‌సనే 2020లో చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌తో ఆన్‌లైన్‌లో ఆడుచుండగా డింగ్ కనెక్షన్ తెగి, కాలము మించి, ఓటమి పాలైనప్పుడు, మరుసటి ఆటలో కొద్ది ఎత్తులకే తన మంత్రిని చేజేతుల పోగొట్టుకొని ఓటమినొప్పుకొన్నాడు. డింగ్ గదిలో ఏమి జరిగినదో అతడు చూడలేదు. నియమము అతనిని ఏమియు అడుగలేదు; గెలిచిన పాయింటు న్యాయముగా అతనిదే. తెగిన ఆటకు ముందున్న స్థితిని తన వ్యయముతో తిరిగి నెలకొల్పినాడు, అంతే.

నిహాల్ ఎదుట ఆర్మేనియా గడియారము నడచుచున్నప్పుడు అట్లు చేయుట అతని వశములో లేదు. కార్ల్‌సన్ వదులుకొన్న పాయింటు తన సొంతము. పదునారేండ్ల బాలుని పాయింటు జట్టుది, జట్టు ఒక దేశముది, పరుల సొత్తును దానము చేయు అధికారము ఎవరికిని లేదు. అయినచో జట్టంతయు కలసి, ఆ ఒక్క ఆటను మరల ఆడుదమని ఆర్మేనియాతో అనగలిగియుండెడిదా? నిర్వాహకులు అంగీకరించియుందురో లేదో వేరుమాట. అడుగుటకు మాత్రము జట్టునకు అధికారము ఉండినదనియే నేను తలంచుచున్నాను. అడిగియున్నచో రెండు దినముల తరువాత రష్యా యెదుట మన అప్పీలు చేతబట్టి నిలచినప్పుడు, ఆ కాగితములో ఆకాశవాణి సాక్ష్యమునకు తోడు మన సొంత సాక్ష్యము కూడ ఉండియుండును.